ఎండలకు బ్రాయిలర్లకు నీళ్లలో ఏం కలపాలి? షాపువాళ్లు ఇచ్చిన ఐదు ప్యాకెట్లూ అవసరమేనా?

షాద్‌నగర్_ఓపెన్‌షెడ్:

అందరికీ నమస్తే. షాద్‌నగర్ దగ్గర ఓపెన్ షెడ్, రేకుల కప్పు, 5,000 బ్రాయిలర్లు. బ్యాచ్‌కి ఇవాళ 29 రోజులు, సగటు బరువు కిలోన్నర. ఫీడ్ కంపెనీ బస్తాల్లో పెల్లెట్‌గా వస్తుంది, అందులో నా చేతిలో ఏమీ లేదు. నీళ్లు బోరువి. టీడీఎస్ 900, పీహెచ్ 7.9, బాగా గట్టినీళ్లు. నిప్పుల్ లైన్ (కోడి ముక్కుతో పిన్ను పొడిస్తే చుక్కలు కారే పైపు), పైన వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. మధ్యాహ్నం 41 దాటుతోంది. పన్నెండు కొట్టేసరికి కోళ్లన్నీ రెక్కలు విప్పి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. చావులు ఇంకా పెరగలేదు కానీ మేత బాగా తగ్గింది.

మందుల షాపులో ఎలక్ట్రోలైట్, విటమిన్ సి, బీటైన్, లివర్ టానిక్, ఇంకోటి ‘యాంటీ స్ట్రెస్’ అని ఐదు రకాలు చేతిలో పెట్టారు. ఐదూ ఒకే ట్యాంకులో కలిపేయమంటున్నారు. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవి? వెయ్యి లీటర్లకు ఎంత, ఏ టైమ్‌లో ఇవ్వాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పశువైద్యం_పాలమూరు:

నీళ్లలో ఏ పొడి కలిపినా షెడ్డులో ఒక్క డిగ్రీ కూడా తగ్గదండి. రొప్పడం వల్ల ఒంట్లోంచి పోయినవాటిని తిరిగి ఇవ్వడం, కోడి చేత ఇంకాస్త ఎక్కువ నీళ్లు తాగించడం, వాటి పని ఇంతే. ఆ లెక్కన మీ ఐదింటిలో రెండే మిగులుతాయి: ఎలక్ట్రోలైట్, విటమిన్ సి.

కోడికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైచిలుకు. బయట 32 దాటాక దానికి రొప్పడమే దిక్కు. రొప్పేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి కిడ్నీలు బైకార్బొనేట్‌ను రెట్టలో పారేస్తాయి. దాంతోపాటే పొటాషియం, సోడియం కూడా పోతాయి. అదే సమయంలో మేత తగ్గుతుంది కాబట్టి పోయినవి తిరిగి రావు.

మీ ఫీడ్ ముట్టుకునే వీలు లేదు కాబట్టి నీళ్ల సంగతి చూద్దాం. ఈ వయసులో 5,000 కోళ్లు మామూలు రోజుల్లో 1,200 లీటర్ల దాకా తాగుతాయి. 41 డిగ్రీల్లో 2,000 పైకి పోవచ్చు. అందులో సగానికి పైగా ఉదయం 9 నుంచి సాయంత్రం 5 లోపే. కాబట్టి పగటి పూట ఒక ట్యాంకు మందు నీళ్లు, రాత్రంతా మామూలు నీళ్లు.

ఎలక్ట్రోలైట్‌లో మనకు కావాల్సింది పొటాషియం, కాబట్టి వెయ్యి లీటర్లకు పొటాషియం క్లోరైడ్ 1 కిలో. ఫీడ్ గ్రేడ్‌దే తీసుకోండి. ఎరువుల షాపులో దొరికే ఎర్రటి పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే కదా అని దాన్ని తెచ్చి కలిపేవాళ్లున్నారు. అందులో ఇనుము, మట్టి ఉంటాయి, నిప్పుల్స్ పూడుకుపోతాయి, అది మేతకు పనికొచ్చే సరుకు కాదు. ముందు బకెట్ నీళ్లలో పూర్తిగా కరిగించి, బట్టలో వడగట్టి ట్యాంకులో పోయండి. ఉప్పు మాత్రం విడిగా వేయొద్దు, మీ బోరు నీళ్లలోనే కొంత ఉండొచ్చు.

విటమిన్ సి అసలు పొడి వెయ్యి లీటర్లకు 200 గ్రాములు. ప్యాకెట్ మీద ‘విటమిన్ సి 10 శాతం’ అని ఉంటే 2 కిలోలు పోయాల్సి వస్తుంది, కొనేముందు ఆ అంకె చూడండి. కోడి కిడ్నీలో విటమిన్ సి తనంతట తానే తయారు చేసుకుంటుంది, కానీ ఎండ దెబ్బకు ఆ తయారీ చాలదు. అందుకే బయటి నుంచి ఇస్తే పని కనపడుతుంది. పీహెచ్ 7.9 నీళ్లలో, వేడి ట్యాంకులో ఇది త్వరగా పాడైపోతుంది. అందుకే వెయ్యి లీటర్లూ ఒకేసారి కలపకుండా తొమ్మిదింటికి 500, ఒంటిగంటకు 500 కలపండి. పొటాషియం క్లోరైడ్ కూడా అలాగే సగం సగం.

బీటైన్ మంచిదే. కణాల్లో నీరు నిలబెడుతుంది. కానీ అది కణాల్లో చేరడానికి రోజులు పడుతుంది. ఎండ ముదరక ముందు మొదలుపెట్టి రోజూ ఇస్తేనే ఫలితం, రొప్పు మొదలయ్యాక ఒకరోజు పోస్తే డబ్బు దండగ. ఇవ్వదలిస్తే వెయ్యి లీటర్లకు అరకిలో.

లివర్ టానిక్‌కి ఈ ఎండతో సంబంధం లేదు. యాంటీ స్ట్రెస్ ప్యాకెట్ వెనక చూడండి. మొదటి పేరు డెక్స్ట్రోజ్ అయితే మీరు కొంటున్నది గ్లూకోజ్. మీ ఎలక్ట్రోలైట్ ప్యాకెట్ కూడా అంతే కావచ్చు. లేబుల్ మీద కిలోకి పొటాషియం ఎంతో రాసి లేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

ఇక ట్యాంకు. ఎన్ని కలిపినా నీళ్లు 30 డిగ్రీలు దాటితే కోడి తాగడం తగ్గిస్తుంది. ఎండలో నల్ల ట్యాంకు నీళ్లు రెండింటికల్లా 38కి పోతాయి. ట్యాంకు చుట్టూ గోనె సంచులు చుట్టి తడుపుతూ ఉండండి, పైన తాటాకు పందిరి వేయండి. చాలామంది ఐసు గడ్డలు వేస్తారు. లెక్క చూడండి, వెయ్యి లీటర్లను 38 నుంచి 28కి దించాలంటే సుమారు 90 కిలోల ఐసు కావాలి. ఐదు కిలోలు వేసి తృప్తి పడితే లాభం లేదు. అన్నిటికంటే ముఖ్యం, నిప్పుల్ పైపులో నిలబడ్డ నీళ్లు షెడ్డు వేడిని పట్టుకుంటాయి. 12 నుంచి 4 దాకా గంటకోసారి లైను చివరి వాల్వు తెరిచి, చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా వదలండి.

సిద్దిపేట_కోళ్లఫారం:

డాక్టర్ గారు, మా వైపు అందరూ నీళ్లలో తినే సోడా కలుపుతారు, లీటరుకు రెండు గ్రాములు. బెల్లం నీళ్లు కూడా. పోయింది బైకార్బొనేటే అని మీరే అన్నారు కదా, మరి సోడా గురించి చెప్పలేదేం?

పశువైద్యం_పాలమూరు:

ప్రశ్న సరైనదే. సోడా బైకార్బ్ ఈ విషయంలో అన్నిటికంటే చవకైన మంచి మందు, కానీ దాని చోటు ఫీడ్‌లో. గట్టినీళ్లలో వేస్తే నీళ్లలోని కాల్షియం సున్నంలా పేరుకుంటుంది. నిప్పుల్ పిన్ను దగ్గర తెల్లగా గార కట్టి కొన్ని కారుతుంటాయి, కొన్ని అసలు రావు. ఎండాకాలం మధ్యలో నీళ్లు రాని నిప్పుల్ అంటే దాని కింద చావే. మెత్తని నీళ్లు, బెల్ డ్రింకర్లు (గంట ఆకారంలో వేలాడే నీళ్ల గిన్నెలు) ఉన్నవాళ్లు లీటరుకు ఒక గ్రాము ఇవ్వొచ్చు, అదీ పగటి పూటే. రెండు గ్రాములు రోజంతా ఇస్తే సోడియం ఎక్కువై రెట్ట పలచబడుతుంది, లిట్టర్ (కింద పరిచిన ఊక) తడుస్తుంది. చిన్న కోడిపిల్లలకు అలా పోస్తే కిడ్నీలు దెబ్బతిని గౌట్ వస్తుంది. కోసి చూస్తే గుండె, లివర్ మీద సున్నం చల్లినట్టు తెల్లగా కనిపించేది అదే.

ఇంకోటి. సోడాను విటమిన్ సి తోనో, బీటైన్ హైడ్రోక్లోరైడ్‌తోనో, సిట్రిక్ యాసిడ్‌తోనో ఒకే ట్యాంకులో కలపొద్దు. బుస్సుమని పొంగుతుంది. ఆ పొంగే గ్యాసు మీరు డబ్బు పెట్టి కొన్న బైకార్బొనేటే. మిగిలిన క్షారపు నీళ్లలో విటమిన్ సి కూడా నిలవదు. ఎలక్ట్రోలైట్ ప్యాకెట్లో సోడా ఉండొచ్చు, కాబట్టి ‘ఐదూ ఒకే ట్యాంకులో’ అన్న సలహాలో అసలు తప్పు ఇదే.

కిరాణా షాపులో అడిగేటప్పుడు తినే సోడా అని స్పష్టంగా చెప్పండి. బట్టల సోడా వేరు, అది కోడి గొంతు కాల్చేస్తుంది.

బెల్లం నిప్పుల్ లైన్లో వద్దే వద్దు. 40 డిగ్రీల్లో తీపి నీళ్లు పైపులో ఉంటే సాయంత్రానికి లోపలంతా జిగురు.

షాద్‌నగర్_ఓపెన్‌షెడ్:

చాలా థ్యాంక్స్ డాక్టర్ గారు. నేను రోజూ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేస్తాను. విటమిన్ సి వేస్తే క్లోరిన్ దాన్ని చంపేస్తుందని విన్నాను, నిజమేనా?

ఫీడ్‌మిల్లు_అనపర్తి:

దీనికి నేను చెప్తాను. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. 33 శాతం బ్లీచింగ్ పౌడర్ 10 గ్రాములు వెయ్యి లీటర్లలో వేస్తే క్లోరిన్ మూడు పీపీఎమ్, అంటే మొత్తం మూడు గ్రాములు. ఒక గ్రాము క్లోరిన్ సుమారు రెండున్నర గ్రాముల విటమిన్ సి ని తింటుంది. మీ 200 గ్రాముల్లో పోయేది ఏడెనిమిది గ్రాములే, అది లెక్కలోకి రాదు. నష్టం రెండో వైపు ఉంది. విటమిన్ సి మీ క్లోరిన్ మొత్తాన్నీ నిమిషాల్లో ఖాళీ చేసేస్తుంది. అంటే పగలంతా లైను కాపలా లేకుండా ఉంటుంది. అందుకని బ్లీచింగ్ రాత్రి నీళ్లకు వేయండి, పొద్దున లైను కడిగి మందు నీళ్లు వదలండి, సాయంత్రం ఐదింటికి మళ్లీ లైను కడిగి క్లోరిన్ నీళ్లు ఎక్కించండి. ఈ వరుస తప్పకపోతే రెండూ పనిచేస్తాయి.

సొంతంగా ఫీడ్ కలుపుకునేవాళ్ల కోసం సోడా లెక్క కూడా రాస్తున్నా, సిద్దిపేట వారికి ఉపయోగపడొచ్చు. టన్నుకు మూడు కిలోలు వేసేయండి అని ఊరికే చెప్తే సరిపోదు, ఉప్పు కూడా కదపాలి.

చూసేది సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఈ మూడింటి తూకం. కిలో మేతలో సోడియం మిల్లీగ్రాములను 23తో, పొటాషియాన్ని 39తో, క్లోరైడ్‌ను 35.5తో భాగించండి. మొదటి రెండూ కూడి మూడోది తీసేయండి. ఎండాకాలం ఆ అంకె 240 దరిదాపుల్లో ఉండాలి. ఉదాహరణకు సోడియం 0.18 (అంటే కిలోకి 1,800 మిల్లీగ్రాములు), పొటాషియం 0.75, క్లోరైడ్ 0.25 శాతం ఉన్న ఫీడ్‌లో 78 కలపాలి 192, తీసేయాలి 70, అంటే 200. తక్కువ. టన్నుకు 3 కిలోల సోడా బైకార్బ్ వేసి, ఉప్పు 1 కిలో తగ్గించండి. సోడియం 0.22, క్లోరైడ్ 0.19 అవుతాయి, తూకం 235కి వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉప్పు తగ్గించినందువల్ల ఆ అంకె పెరగదు, ఎందుకంటే ఉప్పులో సోడియం, క్లోరైడ్ సమానంగా పోతాయి. పెంచేది సోడానే. ఉప్పు తగ్గించేది సోడియం హద్దు దాటి లిట్టర్ తడవకుండా. పొటాషియం క్లోరైడ్ కూడా అంతే, పోయిన పొటాషియాన్ని ఇస్తుంది, తూకాన్ని కదపదు. ఇక క్లోరైడ్ దొంగదారిన కూడా వస్తుంది. లైసిన్ హైడ్రోక్లోరైడ్, కోలిన్ క్లోరైడ్, బీటైన్ హైడ్రోక్లోరైడ్ అన్నిట్లోనూ ఉంది. బీటైన్ హైడ్రోక్లోరైడ్‌లో దాదాపు నాలుగో వంతు క్లోరైడే. టన్నుకు కిలో వేస్తే తూకం ఆరేడు తగ్గుతుంది. డబ్బు ఉంటే క్లోరైడ్ లేని అన్‌హైడ్రస్ బీటైన్ కొనండి.

ఎండాకాలం ప్రోటీన్ తగ్గించి మిథియోనిన్, లైసిన్‌తో సరిపెట్టడం మంచి పద్ధతే, జీర్ణమయ్యేటప్పుడు పుట్టే వేడి తగ్గుతుంది. కానీ ఫీడ్‌లో పొటాషియం ఎక్కువగా వచ్చేది సోయా నుంచే. టన్నుకు 30 కిలోల సోయా తీస్తే తూకం 13 దాకా పడుతుంది. అది మళ్లీ సోడాతో నింపాలి. మొక్కజొన్న కొంత తగ్గించి ఒకటి, ఒకటిన్నర శాతం నూనె వేస్తే కూడా వేడి తక్కువ. పాతబడి కనరు వాసన కొట్టే తవుడు నూనె మాత్రం పొయ్యొద్దు, అది విటమిన్ ఇ ని తినేస్తుంది.

విటమిన్ ఇ బ్రాయిలర్‌కి కిలో మేతకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు. 50 శాతం పొడి అయితే టన్నుకు 200 నుంచి 400 గ్రాములు. సెలీనియం అన్నీ కలిపి 0.3 పీపీఎమ్ చాలు. 2,000 పీపీఎమ్ ఈస్ట్ సెలీనియం అయితే టన్నుకు 150 గ్రాములు. మీ మినరల్ మిక్స్‌లో ఇప్పటికే ఎంత ఉందో చూసి మిగతాదే వేయండి, సెలీనియం ఎక్కువైతే విషం. ఫీడ్‌లో వేసే విటమిన్ సి కోటింగ్ చేసినదే కావాలి, టన్నుకు 250 గ్రాములు. మామూలు పొడి పెల్లెట్ మిషన్ వేడికే పోతుంది.

షాద్‌నగర్ వారూ, వీటిలో ఏదీ మీ పెల్లెట్ మీద చల్లే ఆలోచన చేయకండి. పొడి అంతా ఫీడర్ అడుక్కి జారుతుంది, చివర్లో తిన్న కోడికి డోసు ఎన్నో రెట్లు పడుతుంది.

లేయర్_తణుకు:

అనపర్తి వారి లెక్క లేయర్లకు (గుడ్ల కోళ్లకు) కూడా వర్తిస్తుందా? మా దగ్గర టెంపరేచర్ 38 కానీ ఉక్క విపరీతం. గుడ్ల పెంకు పలచబడి ట్రేల్లోనే పగులుతున్నాయి. ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి) పెట్టాక కోళ్లు ఇంకా ఎక్కువ రొప్పుతున్నాయి.

ఫీడ్‌మిల్లు_అనపర్తి:

ఫాగర్లు ఆపేయండి ముందు. గాలిలో తేమ 70 శాతం దాటాక నీటి తుంపర ఆరదు, పైగా కోడి ఊపిరితో బయటికి పంపాల్సిన తేమ కూడా పోదు. గోదావరి జిల్లాల ఉక్కకు ఫ్యాన్లే, గాలి నేరుగా కోడి ఒంటి మీదికి తగలాలి. ఫాగర్లు పాలమూరు లాంటి పొడి ఎండలకు.

గుడ్డు పెంకు సంగతి. రక్తం క్షారమైతే అందులో పనికొచ్చే కాల్షియం తగ్గుతుంది, పెంకుకి కావాల్సిన బైకార్బొనేట్ కూడా ఉండదు. దానికి తోడు మేత తగ్గింది. 110 గ్రాములు తినేటప్పుడు 3.8 శాతం కాల్షియం అంటే రోజుకు 4.2 గ్రాములు వెళ్లేది. ఇప్పుడు 95 గ్రాములే తింటే 3.6. అదే 4.2 అందాలంటే ఫీడ్‌లో 4.4 శాతం కావాలి. కానీ మెత్తని సున్నపురాయి పొడితో పెంచితే మేత ఇంకా మానేస్తాయి. మూడింట రెండు వంతులు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గ్రిట్ (సున్నపురాయి నలుసులు) ఉండాలి. పెంకు తయారయ్యేది రాత్రి, గ్రిట్ కడుపులో మెల్లగా కరిగి ఆ టైముకి అందుతుంది. పొడి అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. గ్రిట్‌లో కొంత విడిగా తీసి సాయంత్రం నాలుగు తర్వాత మేత తొట్టి (ట్రఫ్)లో చల్లండి.

సోడా టన్నుకు రెండు, మూడు కిలోలు, ఉప్పు లెక్క అలాగే. అది కూడా పెంకు కట్టే టైములో కడుపులో ఉంటేనే ఫలితం. పొద్దున తిన్న సోడా అర్ధరాత్రికి పనికిరాదు. అందుకే రాత్రి పన్నెండింటికి ఒక గంట లైటు వేసి మేత, చల్లని నీళ్లు ఇవ్వండి. పగలు తినని 10 గ్రాములు అప్పుడు తింటాయి. లైటు అలవాటు చేశాక మధ్యలో మానేయకండి, గుడ్లు పడిపోతాయి. లేయర్లకు విటమిన్ ఇ 250 మిల్లీగ్రాముల దాకా ఇస్తే ఎండలో గుడ్ల శాతం నిలబడుతుంది. ఖరీదు ఎక్కువే, వడగాడ్పుల నెలకే పరిమితం చేసుకోండి.

పెరటికోళ్లు_ఖమ్మం:

మా ఇంట్లో వనరాజా కోళ్లు 20 ఉన్నాయి. నిమ్మరసం, మజ్జిగ ఇస్తే చాలా?

పశువైద్యం_పాలమూరు:

ఇరవై కోళ్లకు చాలు. పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, మట్టి మూకుట్లో నీడన పెట్టండి. రేకు గిన్నెలో పుల్లటి నీళ్లు పెట్టొద్దు. రెండు గంటలకోసారి పారబోసి కడగండి. ఉసిరి పొడి ఇచ్చినా తప్పులేదు, కానీ అందులో విటమిన్ సి ఎంత మిగిలిందో ఎండబెట్టిన తీరును బట్టి ఉంటుంది, దాన్ని నమ్ముకుని పెద్ద షెడ్డు నడపలేం.

షాద్‌నగర్_ఓపెన్‌షెడ్:

ఇంకో రెండు సందేహాలు. వడదెబ్బకు ఆస్పిరిన్ నీళ్లలో వేస్తే ఒళ్లు చల్లబడుతుంది అంటున్నారు. మేత ఏ టైములో ఎత్తేయాలి?

పశువైద్యం_పాలమూరు:

జ్వరం వేరు, వడదెబ్బ వేరు. జ్వరంలో మెదడే ఒంటి వేడి పెంచుతుంది, ఆస్పిరిన్ ఆ మీటను దించుతుంది. వడదెబ్బలో ఆ మీట మామూలుగానే ఉంటుంది, బయటి వేడి లోపలికి తోస్తోంది. దించడానికి ఏమీ ఉండదు. మీదుమిక్కిలి ఖాళీ కడుపున పుండ్లు పడతాయి, లోపల రక్తం కారుతుంది.

మేత తిన్న మూడు నుంచి ఐదు గంటలకు దాని వేడి ఎక్కువగా పుడుతుంది. మీ దగ్గర ఎండ ముదిరేది రెండు నుంచి నాలుగు. అంటే పదకొండింటికి తిన్న మేత వేడి సరిగ్గా అప్పుడు వచ్చి పడుతుంది. తొమ్మిదింటికల్లా ఫీడర్లు పైకెత్తండి, సాయంత్రం ఐదున్నర, ఆరు దాకా దించొద్దు. పోయిన మేతకు తెల్లవారుజామున మూడింటికి లైటు వేసి తినిపించండి. ఫీడర్లు దించేటప్పుడు అన్నీ ఒకేసారి దించాలి. ఒక వరుస ముందు దించితే ఆకలి మీద ఒకదానిపై ఒకటి ఎక్కి గీరుకుంటాయి, ఊపిరాడక చస్తాయి.

కంపెనీ సూపర్‌వైజర్‌ని ఒక మాట అడగండి, తర్వాతి బ్యాచ్ ఫీడ్‌లో కాక్సిడియోసిస్‌కి (కోళ్ల పేగులకు వచ్చే జబ్బు) వాడే నికార్బజిన్ మందు ఉందా అని. ఆ మందు మీదున్న కోళ్లకు ఎండలో చావులు పెరుగుతాయి, వేసవి మేతలో అది ఉండకూడదు.

షాద్‌నగర్_ఓపెన్‌షెడ్:

అమ్మేదాకా రోజూ పొటాషియం ఇస్తూ పోవచ్చా? పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

పశువైద్యం_పాలమూరు:

పగలు 36 దాటే రోజుల్లోనే ఇవ్వండి. మబ్బు పట్టి చల్లబడిన రోజు మానేయండి, లేకపోతే రెట్ట పలచబడి లిట్టర్ పాడవుతుంది. ఊక రెండు అంగుళాలకు మించి ఉంచొద్దు, మధ్యాహ్నం దాన్ని తిరగేయొద్దు, అమోనియా లేస్తుంది.

పనిచేస్తోందా అన్నది వాటర్ మీటరు చెప్తుంది. ట్యాంకు అవుట్‌లెట్‌కి మీటరు పెట్టి తొమ్మిదింటికి, ఐదింటికి అంకె రాసుకోండి. మందు నీళ్లు ఇచ్చిన రోజు పగటి వాడకం పెరగాలి. తగ్గిందంటే రుచి నచ్చలేదనో, నీళ్లు వేడెక్కాయనో అర్థం. అప్పుడు పొటాషియం సగానికి దించి చూడండి. రాత్రి ఎనిమిదింటికి షెడ్డులోకి వెళ్లి చూడండి. రొప్పడం ఆగి మేత మీద ఉంటే సరే. అప్పటికీ రొప్పుతుంటే రాత్రి గాలి ఆడట్లేదని అర్థం. పక్క పరదాలు మొత్తం తెరిచి ఫ్యాన్లు తెల్లారేదాకా నడపండి. పొడి డోసు పెంచకండి.